వంద మంది బావలు, ఒక్క తమ్ముడు

మా బావమరిది పేరు బైరాగి. పేరు పెట్టినవాళ్ళకి వేళాకోళం ఎక్కువో, జాతకం రాసినవాడికి కళ్ళు తక్కువో నాకు తెలియదు. ఇంతమంది మనుషులు కావలసి వచ్చిన బైరాగిని మాత్రం నేను ఇంకొకణ్ణి చూడలేదు. ఒంటరిగా అన్నం తినలేడు, ఒంటరిగా చుట్ట కాల్చలేడు. ఒకసారి జ్వరమొచ్చి పడుకుంటే మంచం చుట్టూ పదకొండు మంది కూర్చుని పొగ వదులుతున్నారు. ఆ పొగకి తట్టుకోలేకే జ్వరం పారిపోయిందని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

మా ఆవిడ ధనలక్ష్మి అతనికి తోడబుట్టిన అక్క. అంటే వరసకి నేను బైరాగికి అసలు సిసలు బావని. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే, తరవాత చెబితే వంద మంది బావల్లో నూటొకటోవాడిని అనుకుంటారు.

మా ఊరు నడిమిదిబ్బ. భావనపాడు రేవులో నిలబడితే ఎదురుగా కనిపిస్తుంది. మూడు వైపులా ఉప్పుటేరు, నాలుగోవైపు సముద్రం, నూట ఇరవై ఇళ్ళు, ఒక గంగమ్మ గుడి, ఒక బడి, ఆ బడిలో నేను. ఓట్లప్పుడు వచ్చినవాళ్ళు దీన్ని దీవి అంటారు. వంతెన అడిగితే దిబ్బ అంటారు. నేనూ వేటకెళ్ళే ఇంట పుట్టినవాణ్ణే. అయితే పడవెక్కితే కడుపులో తిప్పుతుందని నాన్న నన్ను చదువులో పడేశాడు. అందుకని లోకనాథం మాస్టారునయ్యాను.

దిబ్బ మీద వ్యాపారమంటే బైరాగి ఒక్కడే. కిరాణా కొట్టు అతనిది. ఐసు పెట్టెలు అతనివి. ఎండుచేపలు పలాసకి ఎగుమతి చేసేది అతను. ఏరు దాటించే ఇంజను పడవ అతనిది. తొంభై ఎనిమిదిలో పసుపు పెట్టెలో టెలిఫోను తెచ్చి, ముంబయి పోయిన మొగుళ్ళతో ఆడవాళ్ళని మాట్లాడించిందీ అతనే. ఇన్నిటికీ అతను పెట్టిన పెట్టుబడి ఒక్కటే మాట. బావా!

"రా బావా, కూకో. ఏటి బావా, ఇలాగ సిక్కిపోనావు? ఒసే బంగారమ్మా, బావకి టీ ఎట్టు!"

అగ్గిపెట్టె కొనడానికి వచ్చినవాడు ఆ మాటకి కరిగి, బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని వెళ్ళేవాడు. టెక్కలి బస్సు కండక్టరు బావ. పలాసలో జీడిపిక్కల సేటు బావ. రైల్వే స్టేషన్లో మూటలు మోసేవాడు బావ, మోయించుకునేవాడూ బావ. ఇచ్ఛాపురం అవతల నుంచి చేపలు కొనడానికి వచ్చే ఒడియా వ్యాపారి ఒకాయన, తెలుగులో నమస్కారాన్ని బావా అంటారు కాబోలు అనుకుని, రోడ్డు మీద ఆపిన ఎస్సైగారికి రెండు చేతులూ జోడించి "బావా" అన్నాడట. ఆ కథ బైరాగి వెయ్యిసార్లు చెప్పుకుని నవ్వాడు.

నన్ను మాత్రం "మాస్టారూ" అనేవాడు.

పెళ్ళయిన కొత్తలో ఊరుకున్నాను. పదేళ్ళయ్యాక ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఏమయ్యా బైరాగీ, ఊళ్ళో కుక్కకి కూడా బావ అనే పిలుపు దక్కుతోంది. అక్కని కట్టుకున్న పాపానికి నాకు దక్కదా?"

అతను నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, అదేటి మాస్టారూ! అందరినీ అదే అంతన్నాను గదా, మిమ్మల్నీ అనేత్తే మీకేటి ఇలవుంతాది? మీకోసం పెత్యేకంగా వేరే మాట అట్టేపెట్టినాను."

ప్రత్యేకమైన మాటట! బడిలో చీమిడిముక్కు వెధవలందరూ అరిచే మాట. ఒళ్ళు మండిపోయింది. మండితే మాత్రం ఏం చేస్తాను? చక్కెర తక్కువైన టీ ఒకటి తాగి వచ్చేశాను.

మరో సంగతి కూడా ఒప్పుకోవాలి. బైరాగికి ఇల్లంటే ప్రాణం. టెక్కలి వెళితే పెళ్ళానికి గాజులు తేకుండా రాడు. కాకపోతే ఆ గాజులతో పాటు భోజనానికి ఏడుగురిని తెచ్చేవాడు. వరసకి నాకు చెల్లెలయ్యే బంగారమ్మ పొయ్యి ముందు కూర్చుని అనేది, "ఈ ఊర్లో ఆయనకి బావ కానిదాన్ని నానొక్కదాన్నే. అందుకే నాకు మాత్రం ఎవుడూ టీ ఇవ్వడు." ఆ జాతరలో చదువు సాగక, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కుమారి పుస్తకాల సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చేసేది. మా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. మాకు పిల్లల్లేరు. ఆ పిల్ల మా ఇంట్లోనే ఎక్కాలు నేర్చింది, మా ఇంట్లోనే చేపల పులుసు అన్నం తింది, పదో తరగతి పరీక్షకి మా ఆవిడ చేతి బొట్టుతోనే వెళ్ళింది. "పిల్ల మీదా, మాదా అని ఒకోసారి నాకే అనుమానమొత్తాది" అని బైరాగి నవ్వేవాడు. నవ్వులాటకి అన్న మాటలు ఎక్కడ తేలతాయో ఎవరికి తెలుసు?

ఇక తొంభై ఏడు కార్తీకమాసం సంగతి.

అవతలి ఒడ్డున సన్యాసయ్య అని ఒకడున్నాడు. అతనికీ ఒక ఇంజను పడవ ఉంది. దిబ్బ మీద బైరాగి, ఒడ్డున సన్యాసయ్య. పేర్లు చూస్తే ఇద్దరూ సంసారం వదిలేసి హిమాలయాలకి పోవలసినవాళ్ళు. ఆ ఇద్దరూ ఏరు దాటించే జనం కోసం రెండేళ్ళు తెడ్లు పట్టుకుని కొట్టుకున్నారు. చివరికి పెద్దలు ఇద్దరినీ రావివలస తీసుకెళ్ళారు. రెండు ఊళ్ళకీ కాని చోటు కదా! అక్కడ ఎండల మల్లికార్జునుడి ముందు, నెత్తి మీద కప్పులేని ఆ దేవుడి ముందు, కొబ్బరికాయ కొట్టించి, రోజు విడిచి రోజు పడవ నడుపుకోమని చెప్పారు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

అంతటితో ఊరుకుంటే అతను బైరాగి ఎందుకవుతాడు? సన్యాసయ్యని గట్టిగా కౌగిలించుకుని, గుడి దద్దరిల్లేలా అరిచాడు.

"ఇనండొరే! ఇయాల్టి నుంచి ఈడు నాకు తమ్ముడు! ఒట్టు, ఆ సామి మీదొట్టు!"

జనం చప్పట్లు కొట్టారు. బైరాగి నోట బావ తప్ప మరో వరస విననివాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. సన్యాసయ్య రోజుకి నాలుగు మాటలకు మించి మాట్లాడే మనిషి కాదు. అతను నోరు తెరిచి, "నాకు తోడబుట్టినోలు నేరు" అన్నాడు. తరవాత వెక్కి వెక్కి ఏడ్చాడు. ఫోటో తీసేవాడు ఒకడు అక్కడే ఉంటే, ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని ఫోటో కూడా తీయించుకున్నారు.

తిరుగు బస్సులో బైరాగి నా పక్క సీట్లో కూర్చుని చెవిలో గుసగుసలాడాడు.

"ఎలాగుంది మాస్టారూ నా తెలివి? ఆడికి కొడుకున్నాడు. నాకు కూతురుంది. బావ అంతే రేపొద్దున పిల్లనడుగుతాడు. పిల్లతో పాటు రేవు కూడా అడుగుతాడు. తమ్ముడంతే ఇంకేటి అడుగుతాడు? అన్న కూతురు ఆడికీ కూతురే గదా! నోరు మూసుకోవాల."

"బాగుంది" అన్నాను. నిజంగానే బాగుందనిపించింది. నా తెలివి కూడా అంతంతమాత్రమే.

కానీ సన్యాసయ్య ఆ మాటని బస్సులో వదిలేసి పోలేదు. మర్నాడే ఒక బుట్టెడు వంజరం చేపలు పంపించాడు. బైరాగి ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా తనే ముందు వచ్చేవాడు. ఇంటికి సున్నం వేయాలంటే కొడుకుని పంపేవాడు. ఆ కొడుకు పేరు మణికంఠ. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే పని నేర్చుకుని, ఆదివారం ఆదివారం దిబ్బ మీదకి వచ్చేవాడు. బైరాగి అతన్ని పడవలో ఊరికే ఎక్కించుకునేవాడు. తమ్ముడి కొడుకు కదా, టిక్కెట్టేమిటి! ఇంట్లో కూర్చోబెట్టి, "కుమారీ, అన్నకి మంచినీల్లియ్యమ్మా" అని కేకేసి, తను బావలతో కబుర్లకి పోయేవాడు. వేరే కుర్రాడెవడైనా ఆ గడపలో అరగంట కూర్చుంటే దిబ్బంతా గుసగుసలాడేది. అన్న కూర్చుంటే ఎవరేమంటారు?

ఒక్కటి మాత్రం నేను గమనించాను. ఎనిమిదేళ్ళలో ఆ పిల్ల అతన్ని ఒక్కసారీ అన్నయ్యా అని పిలవలేదు. "ఇదిగో" అనేది, "మంచినీళ్ళు" అనేది. వరస మాట దగ్గరికి వచ్చేసరికి వాక్యం మింగేసేది. పిల్లలకి వ్యాకరణం చెప్పుకునేవాణ్ణి, నాకు తెలియాలి. తెలిసీ నోరెత్తలేదు. ఎందుకెత్తలేదని మా ఆవిడ తరవాత నిలదీస్తే, సిలబస్‌లో లేదన్నాను.

ఈలోగా బైరాగి బావలు ఒక్కొక్కరే లెక్క సరిచూసుకోవడం మొదలెట్టారు. కుమారి టెక్కలిలో డిగ్రీ పూర్తి చేసింది. బావ అని పిలిపించుకున్న ప్రతివాడికీ ఒక కొడుకో, మేనల్లుడో ఉన్నాడు. "నోరారా బావా అన్నావు గదా, మరి మావోడికి పిల్లనియ్యవేటి?" అని వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు. దిబ్బకి కులపెద్ద గోవిందరావు అయితే తన రెండో కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి, టీ తాగి, పిల్లవాడికి కూడా టీ తాగించి వెళ్ళాడు. బైరాగి అందరికీ నవ్వే సమాధానంగా ఇచ్చాడు. ఆ నవ్వుని ప్రతివాడూ సరేననే అర్థం చేసుకున్నాడు.

రెండు వేల ఆరు మాఘమాసంలో కుమారి తండ్రి ముందు నిలబడి, చేసుకుంటే మణికంఠనే చేసుకుంటానంది.

బైరాగి ముందు నవ్వాడు. తరవాత ఆగిపోయాడు. "ఓలమ్మోలమ్మ! ఆడు నీకు అన్న గదే!"

"నీకు తమ్ముడైతే అవుతాడు. నన్నడిగి తమ్ముణ్ణి చేసుకున్నావేటి?" అంది కుమారి. "ఒకడికి బావ, ఒకడికి తమ్ముడు అని పప్పులు బెల్లాలు పంచినట్టు పంచీసినావు. నాకేటి మిగిల్చినావు నాన్నా? కాదంతే సెప్పు, పలాస పోయి రిజిస్టరు సేసుకుంతాం. నీ బావల్ని నువ్వుంచుకో."

సాయంత్రానికల్లా దిబ్బంతా తెలిసిపోయింది. అంతవరకూ మడతమంచాల మీద నిద్రపోయే బావలందరికీ ఒక్కసారిగా ధర్మం గుర్తొచ్చింది. వావీ వరసా లేకపోతే పశువులకీ మనకీ తేడా ఏమిటన్నారు. గోవిందరావు గంగమ్మ గుడి ముందు నిలబడి తీర్పు చెప్పేశాడు. ఈ పెళ్ళి జరిగితే బైరాగి గడప ఎవరూ తొక్కకూడదు, వాళ్ళ మంచికీ చెడ్డకీ ఎవరూ పోకూడదు. ఆయన రెండో కొడుక్కి పెళ్ళికాకపోవడానికీ ఈ తీర్పుకీ ఏ సంబంధమూ లేదని మనం నమ్మాలి.

మరొకడైతే పోనీ అనుకునేవాడు. బైరాగి అలా అనుకోలేడు. మనుషులు లేని బైరాగి అంటే ఒడ్డున పడ్డ చేపే. రెండు రోజులు అరుగు ఖాళీగా ఉండేసరికే అతని మొహం పీక్కుపోయింది. అటు చూస్తే కూతురు పెట్టె సర్దుకుంటోంది. మూడో రోజు మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, నాతో రండి. సన్నాసయ్య కాడికెల్లి సెప్పీద్దాం. ఆయాల నాను ఉత్తినే అన్నాను, తమ్ముడూ లేదు గిమ్ముడూ లేదు అని. మాట ఎనక్కి తీసుకుంతే గొడవొదిలిపోతాది."

సరేనని పడవెక్కాను. కడుపులో తిప్పుతున్నా ఎక్కాను. సన్యాసయ్య గుమ్మంలోనే ఎదురొచ్చి అన్న చెయ్యి పట్టుకున్నాడు. గోడ మీద గంగమ్మ పటం పక్కనే రావివలస ఫోటో ఉంది. దానికి అద్దం కట్టించి, కుంకుమ బొట్టు కూడా పెట్టారు.

"నానిప్పుడే వద్దామనుకున్నానన్నా" అన్నాడు సన్యాసయ్య. ఆ రోజు అతను నాలుగు మాటల కోటా దాటేశాడు. "మావోడికి బుద్ధి సెప్పీసినాను. నీ కూతురు నాకు కూతురు. సామి ముందర అన్న మాట. పేణం పోయినా నాను మాట తప్పను. నువ్వు బెంగెట్టుకోకు."

బైరాగి నోరు తెరిచాడు. ఫోటో వైపు చూశాడు. నోరు మూసేశాడు. ఇరవై ఏళ్ళలో బైరాగికి మాట రాకపోవడం నేను చూసింది అదే మొదలు. ఉత్తినే అన్నానని ఆ మనిషితో ఎవడు చెప్పగలడు? నేనూ చెప్పలేకపోయాను. టీ తాగి ఇద్దరం వచ్చేశాం. ఏటి మధ్యలో అతను ఇంజను ఆపేసి, "ఆడు నిజంగానే తమ్ముడనుకున్నాడు మాస్టారూ" అన్నాడు. నాకు జాలేసింది. కోపం కూడా వచ్చింది, మాటంటే ఇన్నాళ్ళకి తెలిసిందా నీకు అని. వాంతి రావడంతో ఆ మాట అనలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. జరిగింది చెప్పాను. ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

"సన్నాసయ్య బైరాగికి తమ్ముడైతే, నాకేటవుతాడు?"

"నువ్వు బైరాగికి అక్కవి. నీకూ తమ్ముడే."

"తమ్ముడి కొడుకు నాకేటవుతాడు?"

"మేనల్లుడు."

"మేనల్లుడంతే నా పిల్లకి మొగుడవ్వాల్సినోడే గదా. ఇంతకన్నా మంచి మేనరికం ఏటుంతాది? ఇద్దారంతే నాకు పిల్ల నేదు, అదీ..."

కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అన్న రోజున అది ఏడుపుకి కాకుండా పనికి వచ్చింది. కాకి చేపని ఎత్తుకుపోతున్నా ఇద్దరం అదిలించలేదు.

ఆ సాయంత్రం బైరాగి ఇంటికి వెళ్ళి విషయం చెప్పాం. కుమారిని మాకు దత్తత ఇవ్వాలి. అప్పుడు ఆ పిల్ల లోకనాథం కూతురు, ధనలక్ష్మి కూతురు. సన్యాసయ్య తమ్ముడనే మాట చెక్కుచెదరదు. మణికంఠ మేనబావ అవుతాడు. ఒక్క ముడీ తెగకుండా అన్నీ విడిపోతాయి.

కుమారి తల ఊపబోయి తల్లి మొహం చూసింది. బంగారమ్మ చెంగుతో కళ్ళొత్తుకుని, "నాకేటి పర్వానేదు. కన్నదాన్ని, పేరుతో నాకు పనేటి? పదేల్లు వొదిన సేతి అన్నమే తిన్నాది గుంట" అంది. "ఆయన్నడగండి. ఊరందరికీ అన్నీ ఇచ్చీసినోడు గదా, ఇది ఇత్తాడో నేదో సూద్దాం."

బైరాగి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "మరి కన్యాదానం ఎవులు సేత్తారు?"

"నేను, మీ అక్క" అన్నాను.

"శుభలేకలో పేరెవులిది?"

"మాది."

"నా కూతురి పెళ్ళికి నాను సుట్టంగా వత్తానేటి మాస్టారూ? పదిమందిలో అల్లుడి కాల్లు కడగాలని ఎన్నేల్ల నుంచి అనుకున్నాను! ఇత్తడి పల్లెం కొని అట్టేపెట్టినాను!"

వెటకారం చేద్దామని చూశాను, ఒక్కటీ దొరకలేదు. అతనే మళ్ళీ అడిగాడు.

"మరి పెళ్ళిలో నాకేటి పనుండదా?"

"ఎందుకుండదు? ధనలక్ష్మి కూతురికి నువ్వు మేనమావవి. పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకురావాల్సింది నువ్వే."

బైరాగి లేచి లోపలికి వెళ్ళి ఆ ఇత్తడి పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెట్టేసి బయటకి వెళ్ళిపోయాడు.

మర్నాడు గుడి ముందు పంచాయితీ. గోవిందరావు గొంతు చించుకున్నాడు. ఇదంతా కన్నుగప్పడమన్నాడు. నేను బడిలో చెప్పినట్టే నెమ్మదిగా చెప్పాను. "తమ్ముడన్న మాట నిజమైతే ఇది మేనరికం. అబద్ధమైతే ఇక అడ్డేమీ లేదు. రెండిట్లో ఏదో మీరే తేల్చండి." బావలు మొహాలు చూసుకున్నారు. సన్యాసయ్య లేచి, "నిజం" అని కూర్చున్నాడు. ఆ రోజుకి అతను మాట్లాడింది అదొక్కటే.

ఓడిపోయిన పెద్దమనిషి ఊరికే పోడు కదా, ఒక షరతు పెట్టి పోయాడు. "సరే. పందిరి గుంజ పాతిన కాడ్నుంచి తాళి పడేదాకా పిల్ల లోకనాథం మాస్టార్నే నాన్నా అనాల. బైరాగిని మావా అనాల. నలుగుర్లో ఒక్కసారి తప్పినా అంతా నాటకమని లెక్క. పెళ్ళాగిపోతాది."

శుభలేఖలు టెక్కలిలో అచ్చువేయించింది బైరాగే. పంచిందీ అతనే. భావనపాడు నుంచి పలాస దాకా ప్రతి బావ గడపా ఎక్కి, "మా మేనకోడలి పెళ్ళి, తప్పకుండా రావాల" అన్నాడు. వాళ్ళు కార్డు తిరగేసి మరగేసి, "నీ పేరేది బావా?" అని అడిగేవాళ్ళు. కింద, చిన్నక్షరాల్లో, "మీ రాకను కోరే మేనమామ" అన్న చోట వేలు పెట్టి చూపించేవాడు. పలాస సేటు దాన్ని అచ్చుతప్పు అనుకున్నాడట.

కుమారి మొదటిసారి నన్ను "నాన్నా" అన్నది గుంజ పాతిన రోజు పొద్దున. "నాన్నా, టీ" అంది. గోవిందరావు మనిషి ఒకడు అరుగు మీదే కూర్చుని వింటున్నాడు. నేను టీ తీసుకున్నాను. సగం పంచె మీద పోసుకున్నాను. మా ఆవిడ లోపలికి పోయి చాలాసేపు రాలేదు. ఎదురుగా తోరణం కడుతున్న బైరాగి నిచ్చెన మీదనుంచి తల తిప్పలేదు. ఎంత సంతోషమో అంత సిగ్గేసింది నాకు. ఎవరి కంచంలోదో తింటున్నట్టు అనిపించింది.

పెళ్ళి వైశాఖంలో, పగటి ముహూర్తం. వచ్చిన బావలతో పందిరి పట్టలేదు. నేనూ మా ఆవిడా పీటల మీద కూర్చున్నాం. పంతులుగారు మేనమామని పిలవమన్నారు.

యాభై ఏళ్ళ బైరాగి బుట్ట రెండు చేతులా ఎత్తి పొట్టకి ఆనించుకుని వస్తున్నాడు. ఇద్దరు బావలు సాయం పట్టబోతే మోచేత్తో నెట్టేశాడు. ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కన లేకపోతే నడవలేనివాడు ఆ నలభై అడుగులూ ఒక్కడే నడిచాడు. చెమటలు కారిపోతున్నాయి. సగం దారిలో బుట్ట ఒక పక్కకి ఒరిగింది. కుమారి బుట్ట అంచు గట్టిగా పట్టుకుంది. పెదవులు "నా" అని కదిలాయి. ముందు వరసలో కూర్చున్న గోవిందరావు మెడ చాచాడు. పిల్ల గుటక మింగింది.

"మావా, నెమ్మది" అంది.

బైరాగి ఆగిపోయాడు. ఈ కోస్తా అంతా అతను బావా అని పిలవని మనిషి లేడు. ఆ ఒక్క మాటకి బుట్ట ఇంకాస్త ఒరిగింది. పడిపోతాడేమోననుకున్నాను. పడలేదు. బుట్ట సరిచేసుకుని, "అలాగేనమ్మా... కోడలా" అన్నాడు. వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"బావా!" అన్నాడు.

పందిట్లో వంద తలలు ఇటు తిరిగాయి. "ఏటి బావా?" అని వెనకనుంచి ఎవడో పలికాడు కూడా. బైరాగి ఎవరి వైపూ చూడలేదు. నా వైపే చూస్తున్నాడు, కళ్ళనిండా నీళ్ళతో.

"బావా, నీ పిల్లని తెచ్చినాను. దించుకో."

ఇరవై రెండేళ్ళు ఈ పిలుపు కోసం ఏడ్చి చచ్చాను నేను. వస్తే ఇలా అనాలి, అలా దెప్పాలి అని ఎన్ని మాటలు దాచుకున్నానో! కన్యాదాత పీట మీదనుంచి లేవకూడదని పంతులుగారు కేకలేస్తున్నా వినకుండా లేచాను. బుట్ట రెండోవైపు పట్టుకుని, "నువ్వు వదిలెయ్యకు బైరాగీ, పట్టుకునే ఉండు" అన్నాను. ఇద్దరం కలిసి పిల్లని దించాం.